సీసం కరిగించి బుల్లెట్లు పోసుకోవాలనుంది, యాడ మొదలుపెట్టాల?

బుధవారపేట_పిల్లోడు (కర్నూలు)
అందరికీ నమస్తే అన్నలూ. రెండు నెల్ల నుంచి రాత్రి పండుకునే ముందు ఒకటే వీడియోలు చూస్తాండా, అమెరికావోళ్ళు షెడ్డులో కూచోని సీసం కరిగించి అచ్చులో పోసి బుల్లెట్ తీసి, పాత ఇత్తడి గొట్టంలో మళ్ళీ మందు నింపి టార్గెట్ కొడ్తాంటారే, అది చూసినప్పట్నుంచి నిద్ర పట్టట్ల్యా. రైఫిల్ ఇంకా కొనలేదు. మా నాయనకి లైసెన్స్ డబుల్ బ్యారెల్ ఉంది, చెనిక్కాయ చేన్లో అడివిపందులు పడతాయని ఎప్పుడో తాత కాలంలో తీసుకున్నది. నాకు మాత్రం జంతువుల మీద కాల్చేది ఇష్టం ల్యా, టార్గెటే. పాత సామాన్ల అంగట్లో 4 కిలోల సీసం కూడా తెచ్చిపెట్టుకున్న్యా. ఏ కుండ కొనాల, ఏ అచ్చు కొనాల, మందు యాడ దొరుకుతుంది? తెలిసినోళ్ళు చెప్పండి.

తాడిపత్రి_తాతబ్బాయి
రైఫిల్ కొనకముందే బుల్లెట్లు పోస్తాండావా, పెండ్లి సంబంధం చూడకముందే ఉయ్యాల కట్టినట్ల ఉంది నీ కత 😂

గుంతకల్_జంక్షన్
తమ్ముడూ ముందు ఆ మాట మీ వీధిలో గట్టిగా అనొద్దు. మనది అసలే సీమ. కర్నూలు పిల్లోడు ఇంట్లో బుల్లెట్లు చేస్తాండాడంట అని ఎవడన్నా అంటే పొద్దున్నే ఇంటి ముందర జీపు ఉంటాది. సినిమాలోళ్ళు సుమోలు లేపి లేపి మనకి ఆ పేరు అట్లనే అంటుకోనుండాది.

కడప_ప్లీడరు
జోకులు పక్కనపెట్టి అసలు విషయం చెప్తా, కొంచెం ఓపిగ్గా చదువు బాబూ. 1959 ఆయుధాల చట్టంలో సెక్షన్ 5 అని ఒకటుంది. తుపాకులే కాదు, అమ్యునిషన్, అంటే తూటాలు తయారుచేసేదానికి కూడా లైసెన్స్ ఉండాల. మీ నాయనకి ఉన్నది తుపాకీ పెట్టుకునే లైసెన్సు, తయారుచేసే లైసెన్సు కాదు, రెండూ వేరే వేరే. ఇంకో మెలిక ఏందంటే, అమ్యునిషన్ అనే మాటకి చట్టంలో రాసిన అర్థంలో నిండు తూటా ఒక్కటే ల్యా, దాని విడిభాగాలూ, దాన్ని తయారుచేసే యంత్రాలూ కూడా ఆ మాట కిందికే వస్తాయి. అంటే నువ్వు ఆన్‌లైన్లో రీలోడింగ్ ప్రెస్, అంటే కాలిన గొట్టాన్ని మళ్ళీ తూటాగా నింపే మిషన్, ఒకటి ఆర్డర్ పెట్టి కస్టమ్స్ కాడ దొరికితే, సార్ ఇది ఉత్త ఇనుప మిషన్ అంటే కుదరదు. 2019లో చట్టం సవరించినాక లైసెన్స్ లేకుండా తయారుచేస్తే కనీసం 7 ఏండ్లు, పైన యావజ్జీవం దాకా. ఆట కోసమే సార్ అనేది కోర్టులో చెప్పుకునేదానికి బాగుంటాది గానీ బెయిలు కాడ పనికిరాదు. నా మాట విని ఈ పని వద్దు.

బుధవారపేట_పిల్లోడు
అబ్బా 7 ఏండ్లా. మరి అమెరికావోళ్ళు అంత ఓపెన్‌గా వీడియోలు పెడ్తాండారే సార్?

ప్రొద్దుటూరు_టు_టెక్సాస్
తమ్ముడూ మాది ప్రొద్దుటూరు, 14 ఏండ్ల నుంచి డాలస్ పక్కన ఉంటాండా, నువ్వు చూసే ఆ షెడ్డుల్లో ఒకటి నాదీ అనుకో. ఇక్కడ సొంతానికి చేసుకుంటే లైసెన్స్ అడగరు, అమ్మితే మాత్రం ఫెడరల్ లైసెన్స్ కావాల. అందుకే ఓపెన్‌గా పెడ్తారు. ప్లీడరు గారు చెప్పింది కరెక్టు, అక్కడ నువ్వు చెయ్యొద్దు. కానీ అడిగినావు కాబట్టి ఆ పని ఎట్లుంటాదో చెప్తా, తెలుసుకుంటే తప్పు ల్యా కదా.

మా నాయన కంసాలి. చిన్నప్పుడు మూసలో బంగారం కరిగేది చూస్తా పెరిగినోన్ని, అందుకే నాకు ఈ పిచ్చి పట్టిందేమో. సీసం 327 డిగ్రీలకే కరుగుతాది, తగరం ఇంకా ముందే 232కి. ఉత్త సీసం శానా మెత్తన, గోరు గీస్తే గీత పడతాది, రైఫిల్లో వేగంగా పోతే తుపాకీ గొట్టం లోపల పూసుకుంటాది, దాన్ని గీకి తీసేదానికి ఒక ఆదివారం పోతాది నీకు. అందుకే అంటిమొనీ, తగరం కలపాల. వంద పాళ్ళలో 90 సీసం, 5 తగరం, 5 అంటిమొనీ అనేది పాతకాలం నుంచి అందరూ చెప్పే పాకం. తగరం ఎందుకంటే అచ్చులో మూలమూలకీ పారేదానికి, అంటిమొనీ గట్టిపడేదానికి. మన ఊర్ల ఇత్తడి గిన్నెలకి కళాయి పెడ్తారే, ఆ తగరమే ఇది.

కుండలో వేడి 370 దగ్గర పెడతా. అచ్చు చల్లగా ఉంటే బుల్లెట్ మీద ముసలమ్మ చెంపల మాదిరి ముడతలు పడతాయి, మరీ వేడెక్కితే మంచు పట్టినట్ల తెల్లగా మసకగా వస్తాది. మొదటి ఇరవై ముప్పై మళ్ళీ కుండలోకే. పైన తేలే నల్ల తెట్టు ఉంటాదే, దాన్ని ఊరికే తీసి పారేయకూడదు, అందులో తగరం కూడా ఉంటాది, కొంచెం తేనెమైనం ఏసి కలిపితే మంచిది కిందికి దిగి మట్టి పైన నిలుస్తాది, అప్పుడు గరిటెతో తీస్తాం. పోసినాక సైజు చేస్తాం, తుపాకీ గొట్టం లోపలి గాడి కంటే ఇంచులో వెయ్యో వంతు ఎక్కువ ఉండాల. ముందు మైనం రాసేవాళ్ళం, ఇప్పుడు చాలామంది గేట్లకి కొట్టే పౌడర్ కోటింగే ఏసి ఒవెన్లో 200 డిగ్రీల కాడ 20 నిమిషాలు కాలుస్తాండారు, నేనూ అంతే. నా ఆకుపచ్చ బుల్లెట్లు చూసి మా ఆవిడ పచ్చి బఠానీలు అంటాది.

రీలోడింగ్ వేరే లోకం. కాలిన ఇత్తడి గొట్టం అడుగున ఉండే ప్రైమర్ (పిన్ను తగిలితే నిప్పు పుట్టించే చిన్న బిళ్ళ) తీసి, గొట్టం సైజుకి తెచ్చి, పొడుగు పెరిగుంటే కోసి, కొత్త ప్రైమర్ పెట్టి, మందు తూకమేసి పోసి, బుల్లెట్ కూర్చోబెట్టేది. ఇందులో తప్పు జరిగేది ఎక్కువ మందు కాడే. ఫోన్ మోగింది, పలికినావు, వచ్చి మళ్ళీ అదే గొట్టంలో మందు పోసినావు అనుకో, డబుల్ చార్జ్, తుపాకీ చేతిలోనే పగులుతాది. నేను ఆ రూములోకి ఫోన్ తీసుకోనే పోను. పుస్తకంలో రాసినదానికంటే తక్కువ కాడ మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటా పోవాల. ఆ అంకెలు నేను ఇక్కడ రాయను, అడగొద్దు.

తాడిపత్రి_తాతబ్బాయి
పచ్చి బఠానీలు 😂😂 అన్నా వదినమ్మకి దండాలు

అనంత_షూటర్_అక్క
ఆలస్యంగా చూసినా. నేను స్టేట్ లెవెల్ దాకా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ (గాలి తుపాకీ) ఆడినా, ఇప్పుడు అనంతపురంలో పిల్లోళ్ళకి నేర్పిస్తాండా. తమ్ముడూ నీకు ఒక విషయం ఎవరూ చెప్పలేదు. మన దేశంలో టార్గెట్ రైఫిల్ నేర్చుకునేటోడు చేతిలోకి నిప్పు తుపాకీ వస్తే ముందొచ్చేది .22 అనే చిన్న తూటా రైఫిల్. 50 మీటర్ల ఆటలో ఒలింపిక్స్‌లో కూడా అదే. దాని తూటా రిమ్‌ఫైర్, అంటే పేలే మందు గొట్టం అడుగు అంచు చుట్టూ లోపల పూసుంటారు, పిన్ను అంచు మీద కొడితే పేలుతాది. ఒకసారి కొట్టినాక ఆ అంచు నొక్కుకుపోతాది. ప్రైమర్ విడిగా తీసి పెట్టేది ఉండదు, అందుకే దాన్ని మామూలుగా ఎవ్వరూ రీలోడ్ చెయ్యరు, అమెరికాలో కూడా కొనుక్కోని కాల్చి గొట్టం పారేస్తారు. అంటే నువ్వు చూసే ఆ వీడియోలన్నీ వేరే రకం పెద్ద రైఫిళ్ళవి. నీ ఆటకీ వాటికీ సంబంధమే ల్యా!

ప్రొద్దుటూరు_టు_టెక్సాస్
అక్క చెప్పింది నూటికి నూరు. నేను పోసేది .308కి, ఇంకో పాత .30-30కి. నా .22కి డబ్బాలు డబ్బాలు కొనుక్కుంటా.

బుధవారపేట_పిల్లోడు
నెత్తిన నీళ్ళు పోసినట్లుంది. అక్కా అట్లయితే నేను ఏం చెయ్యాల?

అనంత_షూటర్_అక్క
ఎయిర్ రైఫిల్. గొట్టం లోపలి వెడల్పు .177 ఇంచి, అంటే 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌల్స్ లోపల ఉంటే 2016 రూల్స్ ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు, ప్లీడరు గారు తప్పుంటే దిద్దండి. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఆట కూడా దాంతోనే. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు కొట్టింది దాంతోనే, 2012లో లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కంచు కొట్టింది దాంతోనే.

ఇది చిన్నపిల్లల బొమ్మ అనుకునేవు. టార్గెట్ మధ్యలో ఉండే పది చుక్క ఎంతో తెలుసా, అర మిల్లీమీటరు. పెన్ను మొనతో పెట్టిన చుక్కంత. 10 మీటర్ల దూరంలో నిలబడి, అయిదు కిలోల బరువు చేతిలో పట్టుకోని, 75 నిమిషాల్లో 60 సార్లు దాన్ని కొట్టాల. ఒక్కో దెబ్బకి 10.9 దాకా పాయింట్లు. నువ్వు ఊపిరి పీల్చినా మొన కదుల్తాది, గుండె కొట్టుకున్నా కదుల్తాది, నిజంగా, సైట్లో చూస్తే తెలుస్తాది నీకే. పొద్దున ఉగ్గాని బజ్జీ నాలుగు ప్లేట్లు లాగించి వచ్చి నిలబడిన పిల్లోడు ఏ కాడికి కొడ్తాడో నేను చెప్పగలను.

గుంతకల్_జంక్షన్
ఉగ్గాని జోలికి రావద్దు అక్కా. 2024లో పారిస్‌లో 50 మీటర్ల రైఫిల్లో కంచు తెచ్చిన స్వప్నిల్ కుసాలే అప్పటికి రైల్వేలో టికెట్ కలెక్టరు, తెలుసా. ఆ పొద్దు మా గుంతకల్ స్టేషన్లో టీసీలందరూ కాలర్ ఎగరేసుకోని తిరిగినారు.

కడప_ప్లీడరు
అక్క చెప్పింది సరిగానే ఉంది. ఒక్కటే కలుపుతా. లైసెన్స్ అక్కర్లేదు కదా అని చెట్టు మీద పిట్టల్ని కొడితే 1972 వన్యప్రాణి చట్టం వేరే ఉంది. మిద్దె మీద కాల్చి పక్కింటోళ్ళకి తగిలితే అది ఇంకో కేసు. బిల్లు దాచిపెట్టుకో, బయటికి తీసుకుపోయేటప్పుడు సంచిలో పెట్టి తీసుకుపో.

బుధవారపేట_పిల్లోడు
సరే అక్కా, సార్. ఇప్పుడు ఒక విషయం ఒప్పుకోవాల. ముందే చెప్పలేదు, సిగ్గయింది.

పోయిన ఆదివారం అమ్మ గుడికి పోయింటే సీసం ఊరికే కరిగిస్తే ఎట్లుంటాదో చూద్దామని గ్యాస్ స్టవ్ మీద పాత సత్తు గిన్నె పెట్టి ఏసిన్యా. టైర్ల అంగడోడు ఇచ్చిన వెయిట్లు, వలగుండ్లు, కేబుల్ తొడుగు అన్నీ కలిసుండాయి. కరిగింది. శానా అందంగా ఉన్నింది అన్నా, అద్దం మాదిరి, నా మొగం కనపడ్తాండ్య అందులో. ఆడికే ఆపింటే సరిపోయేది. తక్కినవి మట్టి మట్టిగా ఉండాయని కొళాయి కింద కడిగి, ఒకటి తీసుకోని అట్లనే తడితోనే గిన్నెలో ఏసిన్యా. టప్పుమని ఒక్కటే శబ్దం. ఏమైందో తెలీలేదు, కండ్లు మూసుకున్న్యా. తెరిచి చూస్తే స్టవ్ మీద, గోడ మీద, పైన గూట్లో పప్పు డబ్బాల మీద అంతా వెండి చుక్కలు. మణికట్టు మీద శెనగ్గింజంత బొబ్బ ఒకటి, చొక్కాకి మూడు బొక్కలు. మొగానికి ఏమీ కాలేదు, ఎట్ల కాలేదో నాకు తెలీదు. అమ్మ వచ్చి చూసి ఏందిరా ఇది గోడకి కళాయి పెట్టినావు అని చీపురు తీసుకున్న్యాది.

ప్రొద్దుటూరు_టు_టెక్సాస్
ఓరి నాయనా. తమ్ముడూ నువ్వు గుడ్డి అయ్యేవాడివి. కరిగిన సీసం కిందికి ఒక్క నీళ్ళ చుక్క పోతే చాలు, అది ఆవిరై ఒక్క క్షణంలో 1700 రెట్లు ఉబ్బుతాది, పైనున్న సీసాన్ని ఎగజిమ్ముతాది. మేము దీన్ని ఇక్కడ టిన్సెల్ ఫెయిరీ వచ్చింది అంటాం, నవ్వుకునేదానికి పెట్టుకున్న పేరు గానీ వచ్చినప్పుడు నవ్వు రాదు. ఎండాకాలంలో నుదుటి చెమట చుక్క కుండలో పడినా భయమే. అద్దాలు, తోలు గ్లవ్స్, నిండు చేతుల చొక్కా, కాళ్ళకి బూట్లు లేకుండా నేను కుండ దగ్గరికే పోను.

ఇంకా రెండు తప్పులు చేసినావు. సత్తు గిన్నె ఆ వేడికి మెత్తబడి కిందికి జారితే స్టవ్ మీదంతా సీసమే. వంటింట్లో కరిగించినావు, ఆ గరిటె, ఆ గిన్నె మళ్ళీ వంటకి వాడొద్దు, అమ్మకి చెప్పు, గూట్లో మూత లేని పప్పు ఉంటే పారేయండి, గోడలు తడి గుడ్డతో తుడవండి, పొడి చీపురుతో ఊడ్చొద్దు దుమ్ము లేస్తాది. ఇంట్లో చిన్నపిల్లలు ఉండారా? సీసం పెద్దోళ్ళకంటే పిల్లల మెదడుకి ఎక్కువ చేటు. ఆ టైర్ల వెయిట్లలో ఇప్పుడు జింకువి కూడా కలిసొస్తాయి, అది 419కి గానీ కరగదు, కరిగి కలిసిందంటే కుండ మొత్తం పాడు. అన్నిటికంటే ముఖ్యంగా అందులో బ్యాటరీ సీసం ఉందా? ఉంటే మాత్రం ముట్టుకోవద్దు. బ్యాటరీ ప్లేట్లు కరిగించినాక మిగిలే తెట్టుకి తడి తగిలితే విషవాయువు వస్తాది, మనిషి ప్రాణమే పోవచ్చు.

బుధవారపేట_పిల్లోడు
బ్యాటరీది ల్యా అన్నా, అంగడోణ్ణి అడిగినా. అక్క కూతురు ఉంది 3 ఏండ్ల పాప, వారానికోసారి వస్తాది. ఈపొద్దే అంతా కడిగిస్తా. గిన్నె పారేసినా.

అనంత_షూటర్_అక్క
పాప వచ్చేలోపల ఆ గూడు కూడా ఖాళీ చేసి తుడువు. ఇంకో మాట, ఎయిర్ రైఫిల్లో ఏసే గుండ్లు, పెల్లెట్లు అంటాం, అవి కూడా సీసమే. నా స్టూడెంట్లు కొందరు పెల్లెట్లు పంటి మధ్య పట్టుకోని రైఫిల్ ఎక్కిస్తారు, సినిమా స్టైలు. చెంప మీద ఒక్కటి ఇచ్చినా. షూటింగ్ అయినాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకనే టీ, బిస్కెట్టు.

కంసాలి_వీధి_ప్రొద్దుటూరు
నాకూ ఒక డౌటు ఉంది అక్కా. నేను ఎయిర్ రైఫిల్ మొదలుపెట్టి ఆరు నెలలు. మా అంగట్లో బంగారు తూచే కాటా ఉంది, మిల్లీగ్రాము చూపిస్తాది. ఒక డబ్బా పెల్లెట్లు మొత్తం 500 ఒక్కొక్కటి చిమ్టాతో పట్టుకోని తూచినా. దాదాపు అన్నీ 0.53 గ్రాముల చుట్టూనే ఉన్నాయి, దాంట్లో కూడా మళ్ళీ మూడు కుప్పలు పెట్టినా, బరువైనవి, మధ్యవి, తేలికవి. రెండు రాత్రులు పట్టింది, మా నాయన బంగారం కూడా ఇంత శ్రద్ధగా తూచలేదురా నువ్వు అన్న్యాడు. కాల్చి చూస్తే మూడు కుప్పలూ ఒకే మాదిరి చెల్లాచెదురు. ఎందుకు?

అనంత_షూటర్_అక్క
ఎందుకంటే నీ చెయ్యి ఊగేది 5 మిల్లీమీటర్లు, పెల్లెట్ తేడా అందులో యాడ కనపడ్తాది నాయనా 😄 బరువు తేడా కంటే ముందు చూడాల్సింది తల కొలత. డబ్బా మీద 4.49, 4.50 అని రాసుంటాది చూడు. ఒక్కో రైఫిల్ గొట్టానికి ఒక్కో కొలత నచ్చుతాది, ఏది నచ్చుతాదో అది చెప్పదు, రైఫిల్ని బిగించి ఒక్కో డబ్బాలోవి పదేసి కాల్చి ఏ గుంపు దగ్గరగా పడిందో చూసుకోవాల. తల చదునుగా ఉండే వాడ్‌కట్టరే కొను, కాగితానికి గుండ్రంగా పంచ్ చేసినట్ల బొక్క పెడ్తాది, మొనదేలినవి కాగితాన్ని చింపుతాయి, మార్కులు లెక్కపెట్టలేవు. పెల్లెట్ వెనకాల పావడా మాదిరి ఉండే అంచు నొక్కుకుపోయినవి పక్కన పెట్టు. నీకు ఇప్పటికి అంతే చాలు. కాటా మీ నాయనకి ఇచ్చేయ్.

ప్రొద్దుటూరు_టు_టెక్సాస్
కంసాలి వీధి తమ్ముడూ నువ్వు నా బంధువే అయ్యుంటావు, నేనూ బుల్లెట్లు అట్లనే తూస్తా. ఏ అంగడి మీది? పర్సనల్ మెసేజ్ పెట్టు.

బుధవారపేట_పిల్లోడు
అక్కా ఏ రైఫిల్ కొనాల? ఒలింపిక్స్‌లో వాడేవి రెండు లక్షలు దాటి చెప్తాండారు, అంత నాతో కాదు.

అనంత_షూటర్_అక్క
అది ఇప్పుడే కొనొద్దు. మన దేశంలో తయారయ్యే స్ప్రింగ్ రైఫిల్ ఒకటి తీసుకో, కాల్చినప్పుడు ముందుకీ వెనక్కీ తన్నుతాది, చిరాకు తెప్పిస్తాది, కానీ ట్రిగ్గర్ తర్వాత కూడా కదలకుండా నిలబడేది నేర్పిస్తాది. మిద్దె మీద గట్టి గోడ ఉందా? 10 మీటర్లు టేపుతో కొలువు, అడుగులతో కాదు. టార్గెట్ మధ్యభాగం నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉండాల. వెనకాల ఇనుప పెట్టెలో పాత గుడ్డలు కూరి పెట్టు, పెల్లెట్ తిరిగి ఎగరకుండా. మొదటి వారం పెల్లెట్టే వద్దు, ఊరికే పట్టుకోని నిలబడు, రోజూ 20 నిమిషాలు. నాలుగో రోజుకి నడుం లాగుతాది, అప్పుడు తెలుస్తాది ఏం ఆటో. కండ్లద్దాలు పెట్టుకో. మెట్ల తలుపుకి లోపల గడి పెట్టు, అమ్మ వడియాలు ఎండబెట్టేదానికి వచ్చే టైములో కాల్చొద్దు.

తాడిపత్రి_తాతబ్బాయి
వడియాల సంగతి చట్టంలో రాసిండాల 😂

సుంకేసుల_మామ
పిల్లోడా, నేను ఈ గ్రూపులో ఊరికే చదువుకుంటా ఉంటా, నాకు తుపాకులు తెలీవు. సుంకేసుల కాడ తుంగభద్రలో వల ఏస్తాం మేము. ఆ 4 కిలోల సీసం నీకు పని ల్యాకపోతే మాకియ్యి, గుండ్లు పోసుకుంటాం, బయట కొంటే రేటు మండిపోతాండాది. ఊరికే వద్దు, చేపలిస్తా.

బుధవారపేట_పిల్లోడు
మామా ఆదివారం తెచ్చిస్తా. చేపలంటే అమ్మ కోపం కూడా తగ్గుతాది.

బుధవారపేట_పిల్లోడు (నెల తర్వాత)
అక్కా రైఫిల్ వచ్చింది. వారం ఉత్తగా నిలబడినా, నువ్వు చెప్పినట్లే నాలుగో రోజు నడుం పోయింది. నిన్న మొదటిసారి పది పెల్లెట్లు కాల్చినా. రెండు అసలు కాగితానికే తగల్లేదు, ఒకటి ఎనిమిది, తక్కినవన్నీ నాలుగూ అయిదూ. మొత్తం 41. నవ్వొద్దు.

అనంత_షూటర్_అక్క
నా మొదటి కార్డు 38. ఇంట్లో ఇంకా దాచిపెట్టుకున్నా. ఆ కార్డు మీద తేదీ రాసి నువ్వు కూడా పెట్టుకో.

సుంకేసుల_మామ
పిల్లోడా గుండ్లు పోసేసినాం, బాగొచ్చినాయి. తడి లేకుండా ఎండలో ఆరబెట్టినాకనే కరిగించినాం, నీ కత చదివినాం కదా. కానీ తూస్తే 3 కిలోల 800 గ్రాములే ఉంది, 4 కిలోలంటివి. తక్కిన 200 యాడ పోయింది?

బుధవారపేట_పిల్లోడు
మా వంటింటి గోడకుంది మామా.